"ఎర్బార్మె డిఖ్" రికార్డింగ్: యాప్ చెప్పే స్కేలు, టెంపో, మూడ్‌లలో ఏది నమ్మాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన మత్తయి ప్యాషన్ (మత్తయి సువార్త ప్రకారం యేసు శ్రమల సంగీత రచన)లోని "ఎర్బార్మె డిఖ్" పాటను గుడ్ ఫ్రైడే ఆరాధనలో మీ చర్చి ఆల్టో (ఆడగొంతుల్లో కింది స్థాయి) గాయని పాడబోతున్నారు, కీబోర్డు మీది. మీరు వింటున్నది కౌంటర్ టెనర్ (ఆడగొంతు స్థాయిలో పాడే మగ గాయకుడు) పాడిన, పాతకాలపు వాయిద్యాలతో చేసిన 6 నిమిషాల 40 సెకన్ల రికార్డింగ్. ఒక యాప్ దాన్ని ఎ షార్ప్ మైనర్, 97 బీపీఎం (నిమిషానికి బీట్లు) అంటోంది. ఇంకో యాప్ సి షార్ప్ మేజర్, 65 బీపీఎం, మూడ్ "ప్రశాంతం" అంటోంది. మీ చేతిలో ఉన్న నోట్స్ చూస్తే రెండు షార్పులు ఉన్నాయి, టెంపో అంకె లేదు. దేన్ని పట్టుకోవాలి?

నోట్స్‌నే పట్టుకోండి. పాట స్కేలు బి మైనర్. మీ రికార్డింగ్ దానికి ఒక సెమీటోన్ (కీబోర్డు మీద పక్క మెట్టు దూరం) కింద వినిపిస్తోంది, అంతే తేడా. అసలు బీట్ నిమిషానికి 32 దగ్గర ఉంది. 97, 65 రెండూ ఆ 32నే వేరే విధంగా లెక్కపెట్టగా వచ్చిన అంకెలు. మూడ్ లేబుల్‌ను పూర్తిగా వదిలేయండి. రికార్డింగ్‌తో కలిసి సాధన చేసేటప్పుడు కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ 1 పెట్టండి. చర్చిలో మీరే వాయించేటప్పుడు ట్రాన్స్‌పోజ్ సున్నాకు తెచ్చి బి మైనర్‌లోనే వాయించండి.

ఇక కారణాలు. ముందు స్కేలు సంగతి చూద్దాం.

ఇవాళ మనం వాడే శ్రుతిలో "ఎ" స్వరం 440 హెర్ట్జ్. బరోక్ (బాఖ్ కాలపు) వాయిద్యాల బృందాలు సాధారణంగా 415 పెట్టుకుంటాయి. ఈ రెండింటికీ తేడా దాదాపు సరిగ్గా ఒక సెమీటోన్. అందుకే వాళ్లు బి మైనర్ వేళ్లతోనే వాయిస్తున్నా, 440 కొలబద్దతో వినే యాప్‌కు అది బి ఫ్లాట్ మైనర్‌గా చేరుతుంది. యాప్‌లు ఫ్లాట్ పేర్లు తక్కువ వాడతాయి కాబట్టి అదే స్వరానికి ఎ షార్ప్ అని రాస్తాయి. మన శ్రుతి లెక్కలో చెప్పాలంటే నోట్స్‌లో ఉన్నది ఏడు శ్రుతి, మీ చెవికి వస్తున్నది ఆరున్నర. అయితే 415 అనేది ఇప్పటి బృందాలు సౌలభ్యం కోసం ఒప్పుకున్న అంకె. బాఖ్ కాలంలో ఊరికో శ్రుతి ఉండేది. లైప్‌జిగ్ చర్చిల ఆర్గన్లు మిగతా వాయిద్యాల కన్నా ఒక పూర్తి టోన్ (రెండు సెమీటోన్లు) పైన ఉండేవి. అందుకే ఆర్గన్ వాయించేవాళ్ల కోసం నోట్స్‌ను ఒక టోన్ దించి విడిగా రాసేవాళ్లు.

రెండో యాప్ సి షార్ప్ మేజర్ అనడం మరో రకం పొరపాటు. ఈ యాప్‌లు రికార్డింగ్‌లోని ధ్వనినంతా పన్నెండు స్వరస్థానాల కింద పోగేసి, ఏ స్థానంలో ఎంత ఉందో చూసి, 24 మేజర్, మైనర్ స్కేళ్ల నమూనాలతో పోలుస్తాయి. బి మైనర్‌కూ డి మేజర్‌కూ స్వరాలు ఒకటే, ఆధారం వేరు. ఒక సెమీటోన్ దించితే అవి బి ఫ్లాట్ మైనర్, డి ఫ్లాట్ మేజర్ అవుతాయి. రెండోదానికే సి షార్ప్ మేజర్ అనే పేరు పడింది. పాట మధ్యలో వేరే స్కేళ్లకు వెళ్లి వస్తుంది కాబట్టి ఈ తికమక ఇంకా పెరుగుతుంది. పరిష్కారం మీ చెవిలోనే ఉంది: పాట చివర బాస్ ఏ స్వరం మీద ఆగుతుందో వినండి. ఆధారం అదే.

రికార్డింగ్ ఏ శ్రుతిలో ఉందో తేల్చుకునే పద్ధతి: చివరి బాస్ స్వరాన్ని కీబోర్డు మీద వెతకండి. బి దగ్గర కలిస్తే అది ఆధునిక శ్రుతి. కార్ల్ రిక్టర్, ఒట్టో క్లెంపరర్ వంటి కండక్టర్ల పాత రికార్డింగులు అలా ఉంటాయి. బి ఫ్లాట్ దగ్గర కలిస్తే 415. జాన్ ఎలియట్ గార్డినర్, ఫిలిప్ హెరవెఘె బృందాలవి ఈ కోవలోవి. రెండు మెట్ల మధ్యలో పడి దేనితోనూ కలవకపోతే, ఆ అప్‌లోడ్‌లో వేగం మార్చి ఉండవచ్చు, లేదా పాత రికార్డు తిరిగిన వేగంలో తేడా ఉండవచ్చు. వేగం దాదాపు 6 శాతం పెరిగితే శ్రుతి ఒక సెమీటోన్ పెరుగుతుంది. అలాంటి ఫైలులో స్కేలు, టెంపో రెండూ చెడినట్టే. దాన్ని సాధనకు వాడకండి.

ట్రాన్స్‌పోజ్ మైనస్ 1 పెట్టినా రికార్డింగ్‌తో కొద్దిగా కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే, కీబోర్డులో మాస్టర్ ట్యూనింగ్ తెరిచి ఒకటి రెండు హెర్ట్జ్ అటూ ఇటూ సరిచేయండి. ఆధునిక కీబోర్డులు చాలావాటిలో ట్యూనింగ్‌ను 415 దాకా దించే వీలు కూడా ఉంటుంది. అప్పుడు ట్రాన్స్‌పోజ్ ముట్టుకోవద్దు. రెండూ కలిపితే పూర్తి టోన్ కిందికి పోతారు. ఆరాధన ముందు ఈ సెట్టింగ్ తీసేయడం మర్చిపోతే తర్వాతి కీర్తన మొత్తం తేడా కొడుతుంది. కాబట్టి సాధన సెట్టింగ్‌ను విడిగా ఒక మెమరీలో దాచుకోండి.

"వినిపించేది బి ఫ్లాట్ మైనర్ అయినప్పుడు అదే వాయిస్తే ఏం పోయింది?" అని అడగవచ్చు. వయొలిన్ ఉంటే చాలా పోతుంది. వయొలిన్ నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ. ఈ నాలుగూ బి మైనర్‌లో ఉన్న స్వరాలే. వేలు వేరే తీగ మీద ఉన్నా ఈ తీగలు తమంతట తాము సన్నగా స్పందిస్తాయి, నాదం నిండుగా వస్తుంది. 440 వయొలిన్‌తో బి ఫ్లాట్ మైనర్ వాయిస్తే ఒక్క ఖాళీ తీగ కూడా ఆ స్కేలులో పడదు. నాదం మూసుకుపోతుంది, వేళ్లకూ కష్టం. 415 బృందం తీగలనే దించుకుంటుంది కాబట్టి వాళ్లకు ఈ నష్టం లేదు. శ్రుతి ఎంతైనా కానివ్వండి, పాట బి మైనర్ అమరికలోనే ఉండాలి అనడానికి అసలు కారణం ఇదే. ఈ పాటలో గొంతుతో సమానమైన పాత్ర సోలో వయొలిన్‌ది. మీ దగ్గర కర్ణాటక వయొలిన్ వాయించేవాళ్లు ఉంటే వాళ్ల సాయం తప్పకుండా తీసుకోండి. కానీ స, ప శ్రుతిలో ఉన్న తీగలను ఈ పాట కోసం జి, డి, ఎ, ఇకి మార్చుకోమనండి.

వాళ్లకు ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది కీరవాణి అనుకుని మొదలుపెడితే మధ్యలో ఇబ్బంది పడతారు. కీరవాణి స్వరాలు బి మైనర్ హార్మోనిక్ రూపానికి సరిగ్గా సరిపోతాయి, నిజమే. కానీ ఇక్కడ ఆరో, ఏడో స్వరాలు స్థిరంగా ఉండవు. జి, ఎ షార్ప్ కలిసి వచ్చిన చోట కీరవాణి. పైకి పోతూ జి షార్ప్, ఎ షార్ప్ తీసుకున్న చోట గౌరీమనోహరి. కిందికి దిగుతూ మామూలు ఎ, జి వచ్చిన చోట నఠభైరవి. ఆధారమే ఎఫ్ షార్ప్‌కు మారే భాగాలూ ఉన్నాయి. కాబట్టి నోట్స్ చూసి వాయించాలి. గమకం వేయకూడదు. ముందు వచ్చే చిన్న నోట్లను మాత్రం దెబ్బ (బీట్) మీదే, కాస్త ఒత్తి, ఆ తర్వాతి స్వరంలోకి జార్చాలి. దెబ్బకు ముందే తొందరగా ఇరికిస్తే ఆ నిట్టూర్పు పోతుంది.

ఇక టెంపో. ఎక్కువ గందరగోళం ఇక్కడే.

పాట తాళం 12/8. అంటే బార్‌కు నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బలో మూడు ఎనిమిదో నోట్లు: తకిట తకిట తకిట తకిట. ఇది సిసిలియానో అనే ఊగే నడక. మీ రికార్డింగ్‌లో దెబ్బ నిమిషానికి 32కి కొంచెం పైన. దాన్ని మూడుతో గుణిస్తే 97: మొదటి యాప్ ఎనిమిదో నోట్లను లెక్కపెట్టింది. రెండుతో గుణిస్తే 65: రెండో యాప్ 32ను నమ్మలేక రెట్టింపు చేసింది. ఈ యాప్‌లు ఎక్కువగా డ్రమ్స్ ఉన్న పాటలను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వయొలిన్ కమాను సాగదీసిన స్వరాల్లో దెబ్బ ఎక్కడ మొదలైందో వాటికి స్పష్టంగా దొరకదు. ఇదే వేగానికి 48, 130, 194 లాంటి అంకెలు కూడా చూపిస్తాయి. 48 అన్నింటికన్నా ప్రమాదకరం. ఎనిమిదో నోట్లను మూడేసి కాకుండా రెండేసి పట్టుకుంటే వచ్చే అంకె అది. దాన్ని మెట్రోనోమ్‌లో పెట్టి సాధన చేస్తే సిసిలియానో నడకే మాయమవుతుంది.

యాప్ లేకుండా టెంపో కొలవడానికి: పాట మొత్తం 54 బార్లు, అంటే 216 దెబ్బలు. 216ను నిమిషాల్లో పాట నిడివితో భాగించండి. మీ 6 నిమిషాల 40 సెకన్లకు 32.4 వస్తుంది. ఇంకా త్వరగా కావాలంటే, గొంతు రావడానికి ముందు వయొలిన్ 8 బార్లు వాయిస్తుంది. వయొలిన్ మొదలైన క్షణం నుంచి గాయకుడి మొదటి మాట దాకా ఎన్ని సెకన్లో చూసి, 1920ని ఆ సెకన్లతో భాగించండి. 60 సెకన్లయితే 32, 53 అయితే 36, 70 అయితే 27, 80 అయితే 24. ఫైలు చివర నిశ్శబ్దం ఎక్కువున్నా, చివరి స్వరాన్ని బాగా సాగదీసినా మొదటి పద్ధతి కొద్దిగా తక్కువ చూపిస్తుంది. రెండో పద్ధతికి ఆ బెడద తక్కువ.

మరి ఎంత వేగం సరైనది? బాఖ్ అంకె ఇవ్వలేదు, ఇచ్చే వీలూ లేదు. మెల్జెల్ మెట్రోనోమ్‌కు పేటెంట్ పొందింది 1815లో. దగ్గరి కాలపు ఆధారం జర్మన్ ఫ్లూట్ విద్వాంసుడు క్వాంట్స్ 1752లో బెర్లిన్‌లో అచ్చు వేసిన ఫ్లూట్ పుస్తకం. ఆయన ఆరోగ్యవంతుడి నాడిని నిమిషానికి సుమారు 80గా తీసుకుని, 12/8 సిసిలియానోలో ఒక్కో ఎనిమిదో నోటుకు ఒక్కో నాడి లెక్కపెడితే మరీ నెమ్మదవుతుందని, రెండు నాడుల కాలాన్ని మూడు నోట్లకు పంచమని చెప్పాడు. అంటే దెబ్బ 40. ఆ వేగంలో ఈ పాట 5 నిమిషాల 24 సెకన్లలో అయిపోతుంది. అయితే ఆయన రాసింది ఈ పాట తర్వాత పాతికేళ్లకు, మరో నగరంలో, సాధారణ సూత్రంగా. ఇంత అలంకరణ ఉన్న వయొలిన్ వరుసకు 40 నాకు తొందరగానే అనిపిస్తుంది. కానీ ఆ సూత్రం ఒకటి తేల్చి చెబుతోంది: ఎనిమిదో నోటును దెబ్బగా చేసుకుని ఈడ్చడం ఆ కాలపు పద్ధతి కాదు.

24 దగ్గరకు వెళ్తే పాట 9 నిమిషాలు పడుతుంది. పెద్ద వాద్యబృందం, పెద్ద గొంతు ఉన్నవాళ్లు పాత పద్ధతిలో అటువైపు వెళ్లారు, వాళ్లలో గొప్పగా నిలబెట్టినవాళ్లూ ఉన్నారు. మామూలు చర్చి గాయనికి మాత్రం ఆ వేగంలో ఊపిరి చాలదు. పదం మధ్యలో గాలి తీసుకోవాల్సి వస్తుంది, పల్లవి మాట తెగిపోతుంది. నా సలహా 33 నుంచి 36 మధ్య. ప్రతిధ్వని బాగా ఉన్న రాతి చర్చి అయితే 32. కార్పెట్లు, ఫ్యాన్లు, తక్కువ పైకప్పు ఉన్న హాలు అయితే 36. అక్కడ స్వరం వెంటనే ఆరిపోతుంది కాబట్టి నెమ్మదిగా వాయిస్తే ఖాళీలు బయటపడతాయి.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్‌ను 32లో పెట్టకండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం ఎక్కువై చేయి తప్పుతుంది. ఎనిమిదో నోటుకు 102 పెట్టి, మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే గట్టిగా వినిపించేలా చేసుకోండి. అది దెబ్బకు 34. వరుస చేతికి వచ్చాక మెట్రోనోమ్ కట్టేసి, బార్‌కు నాలుగు దెబ్బలే మనసులో పెట్టుకుని వాయించండి. చివరి దాకా పన్నెండు లెక్కపెడుతూ కూర్చుంటే ఊపు రాదు. సిసిలియానో మూడు నోట్ల గుంపులో చుక్క ఉన్న నోటు ఒకటిన్నర, దాని వెనక చిన్నది అర, చివరిది ఒకటి. అలసిపోయిన చేయి ఈ మూడింటినీ సమానం చేసేస్తుంది. కీబోర్డు వాయించేవాళ్లలో తరచుగా కనిపించే దోషం ఇది.

కీబోర్డులో 6/8, 12/8 స్టైల్ ఆన్ చేయవద్దు. ఎంత మెత్తటి డ్రమ్ పెట్టినా దెబ్బ గట్టిపడుతుంది, గాయని పదం చివర కాస్త నిలబడే స్వేచ్ఛ పోతుంది. ఎడమ చేయి బాస్‌ను పొట్టిగా, తీగ మీటినట్టు వాయించండి. చాలా రికార్డింగుల్లో చెల్లో, పెద్ద బాస్ అలాగే మీటుతాయి. సస్టైన్ పెడల్ నొక్కి పట్టుకుంటే ఈ మీటు పోయి అంతా ముద్దవుతుంది. వయొలిన్ దొరక్కపోతే ఆ వరుసను కుడి చేత్తో పియానో శబ్దంలో వాయించవద్దు. సాగాల్సిన స్వరం పియానోలో పుట్టగానే తగ్గడం మొదలవుతుంది. మెత్తటి ఫ్లూట్ ఆర్గన్ స్టాప్ నయం. కీబోర్డును రెండుగా స్ప్లిట్ చేసి ఎడమవైపు పొట్టి బాస్ శబ్దం, కుడివైపు ఆర్గన్ పెట్టుకోండి.

మూడ్ దగ్గర నాకు యాప్‌లతో పూర్తి విభేదం. అవి వేగం, శబ్ద తీవ్రత, మేజరా మైనరా అన్నది చూసి "ప్రశాంతం" అనో "విషాదం" అనో ముద్ర వేస్తాయి. మీ రెండో యాప్ స్కేలును మేజర్ అనుకుంది, వేగాన్ని రెట్టింపు చేసుకుంది, శబ్దం తక్కువని చూసింది. మూడింటిలో రెండు తప్పులే అయినప్పుడు వాటి నుంచి వచ్చిన భావానికి విలువ ఏముంటుంది?

ఈ పాట ఎక్కడ వస్తుందో చూడండి. పేతురు మూడుసార్లు యేసును ఎరుగనన్నాడు, కోడి కూసింది, తెలుగు బైబిల్ మాటల్లో "వెలుపలికి పోయి సంతాపపడి యేడ్చెను". ఆ మాట కథకుడి గొంతులో ముగిసిన వెంటనే ఈ వయొలిన్ మొదలవుతుంది. ప్యాషన్‌లో పేతురు గొంతు బాస్; ఈ పాట ఆల్టోది. పేతురు స్థానంలో ఇప్పుడు వింటున్న మనిషి నిలబడ్డాడన్న మాట. కవి పికాండర్ రాసిన సాహిత్యం చిన్నది. దేవా, నా కన్నీళ్లను చూసి కరుణించు. ఇటు చూడు, నా హృదయం, నా కళ్లు నీ ముందు వెక్కి వెక్కి ఏడుస్తున్నాయి. అంతే, మిగిలినదంతా సంగీతమే. 1727 ఏప్రిల్ 11, గుడ్ ఫ్రైడే నాడు లైప్‌జిగ్ సెయింట్ థామస్ చర్చిలో విన్నవాళ్లకు అది కచేరీ కాదు, ఆరాధనలో భాగం.

అందుకని ఇక్కడి దుఃఖం గుండెలు బాదుకునేది కాదు, అడుక్కునే దుఃఖం. మొదట్లోనే వయొలిన్ ఎఫ్ షార్ప్ నుంచి ఒక్కసారిగా పైన ఉన్న డికి, ఒక మైనర్ సిక్స్త్ దూరం, చేయి చాచినట్టు లేస్తుంది. ఆ తర్వాత మెట్టు మెట్టుగా దిగుతుంది. గొంతు వచ్చి అదే వరుసను తక్కువ అలంకరణతో అందుకుంటుంది. మాటల్లో చెప్పలేనిది వయొలిన్ ముందే చెప్పేసినట్టు ఉంటుంది. కింద బాస్ సమానంగా నడుస్తూనే ఉంటుంది, ఏడుపుతో పాటు ఆగిపోదు. పాట నిలబడేది ఆ నడక మీదే. మీ గాయనికి చెప్పండి: ఏడుపును గొంతులో నటించవద్దు. పైకి లేచే ఆ సిక్స్త్‌ను జారకుండా శుభ్రంగా అందుకుంటే చాలు. ప్రతి పదాన్నీ సాగదీస్తే మూడో నిమిషానికే వినేవాళ్లు అలసిపోతారు.

బి మైనర్ స్కేలుకే ఒక భావం ఉందని పాతవాళ్లు రాశారు. జర్మన్ సంగీత రచయిత మాథెసన్ 1713లో దాన్ని విచిత్రమైన, ఉల్లాసం లేని, దిగులు స్కేలు అన్నాడు. మరో జర్మన్ రచయిత షూబార్ట్ మాటలు 1806లో అచ్చయ్యాయి. ఆయన దృష్టిలో అది సహనానికి, దైవ నిర్ణయానికి తలవంచడానికి చెందిన స్కేలు. ఇద్దరివీ ఒకటి కావు, వాటిని శాస్త్రంగా తీసుకోనక్కర్లేదు. ఈ పాటకు షూబార్ట్ మాట దగ్గరగా ఉందని మాత్రం నేను ఒప్పుకుంటాను.

నోట్స్, రికార్డింగులు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. కొత్త సంపుటిలో ఈ పాట సంఖ్య 39, పాత లెక్కలో 47. రెండూ ఒకే పాట; బాఖ్ రచనల జాబితాలో మొత్తం రచన సంఖ్య బీడబ్ల్యూవీ 244. గాయని ఎంపిక గురించి కూడా ఒక మాట. కౌంటర్ టెనర్ రికార్డింగ్ విని ఆడగొంతుకు అది కుదరదేమో అనుకోనక్కర్లేదు. క్రిస్టా లూడ్విగ్ క్లెంపరర్‌తో, హెర్టా టాపర్ 1958లో రిక్టర్‌తో పాడారు. మైకేల్ చాన్స్, ఆండ్రియాస్ షోల్ కౌంటర్ టెనర్లు. నలుగురినీ ఒకసారి వినమనండి. తర్వాత ఎవరినీ అనుకరించకుండా తన ఊపిరికి సరిపోయే చోట్ల గాలి గుర్తులు పెన్సిల్‌తో నోట్స్‌లో పెట్టుకోమనండి. 440లో పాడితే మీ రికార్డింగ్ కన్నా ఒక సెమీటోన్ పైన ఉంటుంది కాబట్టి పై స్వరాలను వారం ముందే 440లో సరిచూసుకోవాలి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే, వయొలిన్ లేనప్పుడు మాత్రమే ట్రాన్స్‌పోజ్ మైనస్ 1 ఉంచేయండి.

ఆరాధనలో సమయం ఉంటే ఈ పాటను ఒంటరిగా వదలకండి. బాఖ్ దీని వెంటనే ఎ మేజర్‌లో ఒక చిన్న కోరాల్ (నాలుగు గొంతుల కీర్తన) పెట్టాడు. నిన్ను విడిచిపోయినా మళ్లీ వచ్చాను అన్నది దాని మొదటి మాట. నాలుగు గొంతులు చాలు. పాట చివరి స్వరం పూర్తిగా ఆరిన తర్వాత ఒక్క ఊపిరి ఆగి, ముందుమాట ఏమీ చెప్పకుండా నేరుగా అందుకోండి. ట్రాన్స్‌పోజ్ మైనస్ 1లో ఉంటే దీనికీ అదే ఉంచండి, మధ్యలో బటన్ మార్చవద్దు.